టెక్ సందేహాలు: పాత స్పోర్ట్స్ కారులో ముందు చక్రాల చప్పుళ్లు

ప్రశ్న: ఆర్నెల్ల కిందట 1999 మోడల్ మజ్దా ఎంఎక్స్-5 మియాటా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గుంతల్లో దిగితే ముందు ఎడమ వైపు లొడలొడమంటోంది. బ్రేకు తొక్కగానే ఒకసారి టక్కుమంటోంది. నెమ్మదిగా వెళ్తుంటే సన్నగా కీచుమంటోంది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌కు కలిపి చూశాను, ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. గ్యారేజీలోనేమో షాక్ అబ్జార్బర్లు, ఆర్ములు, బ్రేకులు అన్నీ మార్చేద్దామంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అన్నీ ఒకేసారి మార్పించకండి. మీరు రాసినవి మూడు వేర్వేరు చప్పుళ్లు. మూడింటికీ కారణం ఒకటే అయ్యే అవకాశం తక్కువ. ఒక్కోదాన్ని విడిగా పట్టుకోవాలి.

ముందు స్కానర్ సంగతి. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నింటికీ ఓబీడీ-2 తప్పనిసరి. అయితే అది ప్రధానంగా ఇంజిన్‌ను, పొగను కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు. అరిగిన బుష్‌కో (కుదుపును మింగే రబ్బరు తొడుగు), వదులైన బాల్ జాయింట్‌కో (చక్రాన్ని ఆర్ముకు కలిపే గుండ్రటి కీలు) సెన్సర్ ఉండదు. కాబట్టి కోడ్ రాకపోతే సస్పెన్షన్, అంటే చక్రాలను కారుకు కలిపి కుదుపులు మింగే ఆర్ములు, స్ప్రింగులు, షాకర్లు బాగున్నట్టు కాదు. ఈ పనికి స్కానర్ కంటే మీ ఫోన్‌లోని వాయిస్ రికార్డరే ఎక్కువ సాయపడుతుంది.

ఖాళీ రోడ్డు మీద గంటకు 10 మైళ్ల వేగంతో నిలకడగా నడపండి. పక్కన కూర్చున్నవాళ్లను కిటికీ దించి రికార్డు చేయమనండి. మీ కారు టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.8 మీటర్లు ముందుకు వెళ్తుంది. అంటే ఆ వేగంలో చక్రం 5 సెకన్లలో దాదాపు 12 సార్లు తిరుగుతుంది. రికార్డింగ్‌లో ఆ శబ్దం కూడా 5 సెకన్లలో 12 సార్లు వినిపిస్తే, చక్రంతో పాటు తిరిగేదేదో కారణం. బ్రేకు డిస్క్, చక్రం తిరిగే హబ్ బేరింగ్, టైరులో దిగిన రాయి, డిస్క్ వెనకాల వంగిన పల్చటి రేకు, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. లెక్క కుదరక గుంతల్లోనే వినిపిస్తే అది సస్పెన్షన్ వైపు. కొలిచి తెలుసుకోగలిగినదాన్ని ఊహించి డబ్బు పోగొట్టుకోవద్దని నేను ప్రతిసారీ చెబుతాను.

ఇక లొడలొడ. దీనికి నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష ఒకటుంది. చప్పుడు వచ్చే గతుకుల మీద 15 మైళ్ల వేగంతో వెళ్తూ బ్రేకును కాలితో అలా తాకించి ఉంచండి, కారు ఆగేంత కాదు. చప్పుడు ఆగిపోయిందా? అయితే సస్పెన్షన్ జోలికి వెళ్లక్కర్లేదు. డిస్క్‌ను నొక్కిపట్టే క్యాలిపర్‌లో బ్రేక్ ప్యాడ్‌లు వదులుగా కదులుతున్నాయన్నమాట. చాలా ఏళ్ల కిందట నా పాత కారుకు ఇలాంటి చప్పుడే వస్తే, ఒక గ్యారేజీ వాళ్ల మాట నమ్మి రెండు షాకర్లు మార్పించాను. చప్పుడు ఎక్కడికీ పోలేదు. అంతకుముందు ఎవరో ప్యాడ్‌లు మార్చినప్పుడు వాటిని బిగువుగా పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు తిరిగి పెట్టలేదు, అదీ అసలు కారణం. మీ కారులోనూ ముందు ఆ స్ప్రింగులు, క్లిప్పులు ఉన్నాయో లేదో చూడండి. బ్రేకు తొక్కగానే వచ్చే ఆ ఒక్క 'టక్కు' కూడా వీటి వల్లే కావచ్చు. రివర్స్‌లో వెళ్లి, తర్వాత ముందుకు కదిలి తొలిసారి బ్రేకు తొక్కినప్పుడే వస్తే ప్యాడ్ ఒక పక్క నుంచి మరో పక్కకు జరుగుతోందని అర్థం. చిన్నగా వినిపిస్తే ఫరవాలేదు.

బ్రేకు తాకించినా లొడలొడ ఆగకపోతే తర్వాతి అనుమానం యాంటీ రోల్ బార్ లింకుల మీద. ఈ బారు ఎడమ, కుడి చక్రాలను కలుపుతుంది; దాని చివరలను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీలే లింకులు. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే అది మెలిక పడదు. ఒక చక్రమే లేస్తే పడుతుంది. అందుకే స్పీడ్ బ్రేకర్‌ను తిన్నగా దాటి ఒకసారి, ఏటవాలుగా దాటి ఒకసారి వినండి. ఏటవాలుగా వెళ్లినప్పుడే లొడలొడమంటే లింకు గానీ, బారును పట్టి ఉంచే రబ్బరు బుష్ గానీ అరిగినట్టే. ఖాయం చేసుకోవాలంటే రెండు వైపులా లింకులు విప్పి, వేటికీ తగలకుండా కట్టి, వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రావచ్చు. ఒక్క వైపే విప్పితే లాభం లేదు. ఆ స్థితిలో కారు మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది, హైవే ఎక్కకండి.

మూడో అనుమానం బాల్ జాయింట్. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మనసారా కోరుతున్నాను. అది ఊడిందంటే చక్రం పక్కకు పడిపోతుంది. ఎంఎక్స్-5లో ముందు వైపు పైన ఒకటి, కింద ఒకటి ఆర్ములు ఉంటాయి. స్ప్రింగు, షాకర్ కింది ఆర్ము మీద కూర్చుంటాయి కాబట్టి బండి బరువు మోసేది కింది బాల్ జాయింట్. కారును లేపి స్టాండ్ మీద నిలబెట్టాక, కింది ఆర్ము చివర జాకీ పెట్టి కొద్దిగా ఎత్తితేనే ఆ జాయింట్ మీద బరువు తగ్గి, వదులు ఉంటే బయటపడుతుంది. అప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే బేరింగ్ వదులు. పోకపోతే బాల్ జాయింట్. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడే ఆడితే స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే టై రాడ్ చివర చూడండి. ఒక్క జాకీ మీద నిలిచిన కారు కిందకి ఎట్టి పరిస్థితిలోనూ దూరకండి. బాల్ జాయింట్ ఆడుతోందని తేలితే అది మార్చేదాకా కారు నడపకండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది మర్చిపోతారు. చక్రం నట్లు బిగువుగా ఉన్నాయో లేదో, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో చూడండి. మీ కారుకు 65 నుంచి 87 ఫుట్ పౌండ్లు.

కీచు శబ్దానికి వస్తే, బ్రేకు తొక్కనప్పుడు వచ్చి తొక్కగానే ఆగిపోతుంటే, ప్యాడ్ అరిగిందని చెప్పడానికి పెట్టిన చిన్న రేకు డిస్క్‌కు రాసుకుంటూ ఉండొచ్చు. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల దగ్గరకు వస్తే మార్చేయండి, రెండు ముందు చక్రాలకూ కలిపి. గరగరమని ఇనుము ఇనుముకు రాసుకునే శబ్దమైతే ఇక నడపకండి. క్యాలిపర్ పిన్నులు వేలితో నెడితే జారాలి. బిగుసుకుపోతే శుభ్రం చేసి, బ్రేకుల కోసమే తయారైన సిలికోన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. ఆ గ్రీజు డిస్క్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

ఒకవేళ ఆర్ము బుష్‌లు మార్పించాల్సి వస్తే, చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందకి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. త్వరగా చిరిగి, కిర్రుకిర్రుమనడం మొదలవుతుంది. కింది ఆర్ము బోల్టులతోనే చక్రాల అలైన్‌మెంట్ కూడా కుదురుతుంది. విప్పేముందు వాటి స్థానానికి గుర్తు పెట్టించండి, పని పూర్తయ్యాక అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి.

ప్రశ్న: నాది 2002 మోడల్ ఫియట్ పాలియో 1.6. నిలిపి ఉంచి స్టీరింగ్ తిప్పితే ముందు నుంచి 'ఠంగ్' మంటోంది. పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకా వరసగా కొట్టుకుంటోంది. రాత్రి వాన పడితే పొద్దున బ్రేకులు బర్రుమంటున్నాయి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: బ్రేకుల గురించి దిగులు వద్దండి. డిస్కులు పోత ఇనుము, తడికి రాత్రికి రాత్రే పైపైన తుప్పు పడుతుంది. సముద్రపు గాలికి ఇంకా త్వరగా పడుతుంది. నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే ఆ పొర పోతుంది. ఆ తర్వాత కూడా బర్రుమంటే ప్యాడ్‌లు చూపించండి.

'ఠంగ్' వేరు, టకటక వేరు. మీ కారులో స్ట్రట్ (షాకర్ ఉండే నిలువు కాడ), దానిమీది స్ప్రింగు స్టీరింగ్‌తో పాటు తిరుగుతాయి. పైన ఉండే బేరింగ్ బిగుసుకుంటే స్ప్రింగు మెలితిరిగి, ఒక్కసారిగా వదులై ఠంగుమంటుంది. ఇంజిన్ ఆపి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే బానెట్ ఎత్తి స్ట్రట్ పైభాగం మీద చెయ్యి ఆనించండి, ఆ కుదుపు చేతికి తెలుస్తుంది. పై డాలస్ పాఠకుడి కారులో స్ప్రింగు స్టీరింగ్‌తో తిరగదు కనుక ఆయనకు ఈ బాధ లేదు. మలుపులో వచ్చే టకటక ఆయనకు రాకపోవడానికీ కారణముంది. ఆ కారులో ఇంజిన్ బలం వెనక చక్రాలకు వెళ్తుంది, మీకు ముందు చక్రాలకు. ఆ టకటక దాదాపుగా, మలుపులోనూ ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే కీలు అయిన బయటి సీవీ జాయింట్‌దే. దాని రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉందేమో ఈ ఆదివారమే చూడండి. బూటు మాత్రమే చిరిగి శబ్దం ఇంకా మొదలవకపోతే, శుభ్రం చేసి కొత్త గ్రీజు, కొత్త బూటు వేస్తే సరిపోయేది. మీకు శబ్దం వచ్చేసింది కాబట్టి జాయింట్ మార్చక తప్పదు.