చిన్నీకి, శాటిలైట్ ఫొటోల్లో విమానం వెతికే ముందు

అమ్మా చిన్నీ,

రాత్రి పన్నెండున్నరకి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ పొద్దున కాఫీ తాగుతూ చూశా. అడవి మధ్యలో తెల్లగా విమానం, రెక్కలు, తోక అన్నీ చక్కగా ఉన్నాయి, కింద "పెదనాన్నా ఇది ఎంహెచ్370 అయ్యుంటుందా" అని రాశావ్. 2014లో కనపడకుండా పోయిన ఆ మలేషియా విమానం ఇది కాదు తల్లీ. ఎందుకు కాదో చెప్తా, ఈ పని నిజంగా చెయ్యాలనుకుంటే ఎలా చెయ్యాలో కూడా చెప్తా, నీకు ఓపిక ఉంది, చూసే కన్నుంది, మానెయ్యమని చెప్పడం నాకిష్టం లేదు.

ముందు ఆ ఫొటోని బాగా జూమ్ చేసి చూడు. తెల్లటి ఆకారం పక్కన ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో అదే ఆకారం కొంచెం కొంచెం పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. శాటిలైట్ అన్ని రంగుల్నీ ఒకేసారి తియ్యదు, సెకనులో చిన్న ముక్క తేడాతో ఒకదాని తర్వాత ఒకటి తీస్తుంది. కదలకుండా నేల మీదున్న వస్తువుకైతే ఆ రంగులన్నీ ఒకదాని మీద ఒకటి కుదురుగా కూర్చుంటాయి, గంటకి 800 కిలోమీటర్ల స్పీడుతో పోయేదానికి కూర్చోవు. అంటే నువ్వు చూసింది పడిపోయిన విమానం కాదు, ఆ నిమిషాన జనాన్ని ఎక్కించుకుని ఎక్కడికో పోతున్న విమానం. 2018లో కంబోడియా అడవిలో కూడా ఇలాంటిదే ఒకటి దొరికిందని ప్రపంచమంతా గోల అయింది. కొలిస్తే దాదాపు 70 మీటర్లొచ్చింది, ఎంహెచ్370 అంటే బోయింగ్ 777, దాని పొడవేమో 63.7 మీటర్లు, ఆ తేడాని తోక విరిగి దూరంగా జరిగిందేమో అని సర్దుకున్నారు. కొలత కుదరనప్పుడు కథని సాగదియ్యకూడదమ్మా, దాన్ని పక్కన పెట్టెయ్యాలి.

పడిపోయిన విమానం విమానంలా ఉండదు, ముందు ఇది బుర్రకెక్కించుకో. 2007 సెప్టెంబర్ 3న అమెరికాలో స్టీవ్ ఫాసెట్ అని, ఒంటరిగా బెలూన్‌లో భూమిని చుట్టొచ్చినాయన, నెవాడాలో ఒక రాంచ్ నుంచి చిన్న విమానంలో బయల్దేరి తిరిగి రాలేదు. అప్పుడు కొత్తగా తీసిన శాటిలైట్ ఇమేజ్‌లని 85 మీటర్ల గళ్లుగా కోసి, చిన్న చిన్న పనులు జనానికి పంచే అమెజాన్ మెకానికల్ టర్క్ అనే సైట్లో పెట్టారు, వేల మంది ఇళ్లల్లో కూర్చుని ఒక్కో గడీ చూసి ఉందా లేదా చెప్పడం మొదలుపెట్టారు. నేనూ చూశా. అప్పటికే ముప్పై ఏళ్లు విమానం నుంచి తీసిన అడవుల ఫొటోలు స్టీరియోస్కోప్ (రెండు ఫొటోల్ని కలిపి ఎత్తుపల్లాలు చూపించే అద్దాల పరికరం) కింద పెట్టి మ్యాపులు గీసిన కన్ను నాది, అయినా నాలుగో రాత్రి ఒక వాలు మీద తెల్లగా, అంచు తిన్నగా గీత గీసినట్టున్నది కనపడేసరికి గుండె దడదడలాడింది, రెక్కే అనుకుని వెంటనే మార్క్ చేసేశా. పొద్దున్నే గూగుల్ ఎర్త్‌లో అదే చోట పాత ఇమేజ్ చూస్తే అక్కడ అదే తెల్లటి బండ, అదే అంచు, ఆయన విమానం ఎక్కక ముందు నుంచే ఉంది. ఆ పోలిక రాత్రే చేసుంటే రెండు నిమిషాల పని. నాలాంటి వాళ్లు పెట్టిన ప్రతి తప్పు గుర్తూ ఎవరో పైలట్ పోయి చూడాల్సిన ఇంకో చోటు అవుతుంది, ఆ కొండల మీద గాలి ఎలాంటిదో ఫాసెట్‌కి జరిగిందే చెప్తుంది. ఈ సంగతి నేనిప్పటికీ మర్చిపోలేదు.

చివరికి ఆయన దొరికింది ఏ ఫొటోలోనూ కాదు. ఏడాది తర్వాత కాలిఫోర్నియాలో మామత్ లేక్స్ దగ్గర కొండల్లో నడుస్తున్న ఒకాయనకి ఆయన పైలట్ కార్డులు దొరికాయి, 2008 అక్టోబర్ 1న విమానం శకలాలు కనిపించాయి, 10,000 అడుగుల ఎత్తులో, తునాతునకలైపోయి. ఇంజిన్ ఒకచోట, మిగతాది ఒకచోట. మనం గళ్లల్లో వెతికిందేమో రెక్కలూ తోకా ఉన్న బొమ్మ కోసం.

సరే, ఏ ఇమేజ్‌లో ఏం కనిపిస్తుందో లెక్క వేసుకున్నాకే కూర్చో. ఫ్రీగా దొరికే యూరప్ శాటిలైట్ సెంటినెల్-2 ఫొటోల్లో ఒక పిక్సెల్, అంటే ఒక చుక్క, నేల మీద 10 మీటర్లు. 777 మొత్తం పొడవునా ఆరు చుక్కలు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్‌లో పిక్సెల్ 30 మీటర్లు, రెండే చుక్కలు. ఫాసెట్ విమానం రెక్కల కొస నుంచి కొసకి 10 మీటర్లు కూడా లేదు, పిక్సెల్ అర మీటర్ ఉండే ఇమేజ్‌లో అయితే ఇరవై చుక్కలు, అదీ విరక్కుండా ఉంటేనే. ఆరు చుక్కల్లో కిటికీలు కనిపించాయని ఎవరైనా చెప్తే నమ్మకు.

నీడల సంగతి ఇంకోటుంది. మన వైపు ఫొటోల్లో ఎక్కువగా నీడ పై వైపుకి, అంటే ఉత్తరానికి పడుతుంది, మన కంటికేమో వెలుగు పైనుంచి వస్తుందని అలవాటు, అందుకని గుట్ట గుంటలా, గుంట గుట్టలా కనిపిస్తుంది. అనుమానం వస్తే ఇమేజ్‌ని తలకిందులుగా తిప్పు, నీడ నీ వైపుకి పడేలా, ఒక్కసారిగా కొండలు కొండల్లా లేచి నిలబడతాయి. మేం పేపర్ ఫొటోల్ని బల్ల మీద అలాగే తిప్పి పెట్టుకునేవాళ్లం. ఇదంతా ముందు మన డాబా మీదే నేర్చుకో. నీళ్ల ట్యాంకు ఎన్ని పిక్సెల్స్ ఉందో కొలువు, తర్వాత మేడెక్కి టేపుతో కొలువు. బేగంపేట ఎయిర్‌పోర్టులో ఆగున్న విమానాలు చూడు, నీడని బట్టి తోక ఎత్తు ఊహించు. నెల రోజులు తెలిసినవే చూస్తే గానీ తెలియనిది చూసే అర్హత రాదు.

సముద్రం ఇంకా కష్టం. ఎంహెచ్370 పోయినప్పుడు, 2014 మార్చిలో, టామ్‌నాడ్ అనే సైట్లో లక్షల మంది ఇలాగే చూశారు. అల నురగ తెల్లగానే ఉంటుంది, చిన్న మబ్బూ తెల్లగానే ఉంటుంది, ఎండ మెరుపూ అంతే. నాకు బాగా నచ్చిన పని మాత్రం 2017లో ఆస్ట్రేలియా వాళ్లు చేసింది. 2014 మార్చి 23 నాటి నాలుగు ఫ్రెంచ్ శాటిలైట్ ఇమేజ్‌లు మళ్లీ చూసి, 12 వస్తువులు మనిషి తయారుచేసినవే అవ్వొచ్చు, ఇంకో 28 అయ్యే వీలుంది అని రెండు మెట్లుగా విడదీసి రాశారు. విమానం ముక్కలు అని మాత్రం ఎక్కడా తేల్చి చెప్పలేదు. నీ నోట్‌బుక్‌లో కూడా ఆ మెట్లే పెట్టుకో.

నోట్‌బుక్ అన్నా కదా, ఏమీ లేని గళ్లు కూడా రాయాలి. గడి నంబర్, ఇమేజ్ తేదీ, మబ్బు ఎంతుంది, ఎంతసేపు చూశావ్. మబ్బు కప్పిన గడి చూసిన గడి కిందకి రాదు. 2009 సెప్టెంబర్‌లో రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనపడకుండా పోయినప్పుడు వాన, మబ్బు, అందుకే మబ్బులోంచి కూడా చూడగలిగే రాడార్ శాటిలైట్‌ని కూడా వాడారు. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాల్ని చూసింది మాత్రం ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లే. ఇరవై నిమిషాలు చూశాక లేచి దూరంగా చెట్లనో ఆకాశాన్నో చూడు, అలిసిన కన్ను ప్రతి గీతనీ రెక్క చేస్తుంది. రాత్రి పన్నెండున్నరకి అసలు వద్దు.

ఇక ఒక్క మాట కాస్త గట్టిగానే చెప్తున్నా, కోపం కాదు. ఆ స్క్రీన్‌షాట్ నాకు కాక ఇంకే గ్రూపులో పెట్టినా వెంటనే తీసెయ్. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ఏఎన్-32 బంగాళాఖాతంలో పోయింది, 29 మంది, అందులో మన వైజాగ్ నేవల్ ఆర్మమెంట్ డిపో (ఎన్‌ఏడీ) వాళ్లే ఎనిమిది మంది. ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. ఏడున్నరేళ్లకి, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని చెప్పారు, అది కూడా నీళ్లలోకి దింపిన యంత్రం తీసిన ఫొటోల్ని నిపుణులు పరిశీలించి ఏఎన్-32తో సరిపోయాయి అనుకున్నాకే. ఆ ఏడున్నరేళ్లల్లో "దొరికిందట" అని ఒక ఫార్వర్డ్ ఆ ఇళ్లల్లో ఎవరి ఫోన్‌కి చేరినా ఆ తల్లికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆలోచించు. నిజంగా ఏదైనా దొరికితే చెప్పాల్సింది దర్యాప్తు చేసే వాళ్లకి, యూట్యూబ్‌కి కాదు. లాటిట్యూడ్ లాంగిట్యూడ్, ఇమేజ్ తేదీ, మీటర్లలో కొలత, పాత ఇమేజ్‌లో అక్కడేముంది, ఇది ఇంకేమై ఉండొచ్చు, అంతే రాయాలి.

ఇకనుంచి నాకు పంపేటప్పుడు ఎర్ర సున్నా చుట్టిన స్క్రీన్‌షాట్ వద్దు. "ఇక్కడ రెక్క ఉంది చూడు" అన్నాక నాకూ రెక్కే కనిపిస్తుంది. చుట్టుపక్కల పది గళ్లు కలిపి నంబర్లు మాత్రం పంపు, ఏ గడిలో ఏం చూశావో నీ నోట్‌బుక్‌లో రాసుకుని ఉంచు, నేనూ విడిగా చూసి నాది రాసుకుంటా. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఫోన్ చెయ్, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

పెదనాన్న