కోట ఇసుకరాయిలో దొరికింది ఎముకేనా? పీకి తీయవచ్చా?

ప్రాణహిత దగ్గర, కోట శిలలు అని పిలిచే డైనోసార్ల కాలపు రాళ్లలో, ఇసుకరాయిలోంచి పొడుగాటి ముక్క బయటికి తేలింది, డైనోసార్ ఎముకేనా, ఇంటికి తెచ్చుకోవచ్చా అని అడిగారు. పీకవద్దు. ముందు అది ఎముకో కాదో తేల్చుకోండి.

ఆ రాళ్లలో మొదట అనుమానించాల్సింది చెట్టుని. ప్రాణహిత-గోదావరి లోయలోని పోచంపల్లి దగ్గర బారాపాసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ ఎముకలు రాయిగా మారిన పెద్ద మానులతో కలిసే దొరికాయి. విరిగిన అంచుని 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. ఎముకైతే బయట గట్టి పొర, లోపల తేనెపట్టులా సన్నని గదులు ఉంటాయి. చెట్టైతే పొడవునా నారలు, అడ్డకోతలో వలయాలు కనిపిస్తాయి. లోపలా బయటా అవే ఇసుక రేణువులు ఉంటే అది గట్టిపడిన ఇసుక ముద్దే. నాలుకకి అంటుకుంటే ఎముక అనే పరీక్షని నమ్మకండి. గదులు ఖనిజంతో పూడిపోయిన ఎముక అంటుకోదు, పొడి మట్టిగడ్డ మాత్రం అంటుకుంటుంది.

ఎముకే అనిపిస్తే కదపకుండా పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి, దూరం నుంచి ఫోటోలు తీయండి. జీపీఎస్ అంకెలు, ఏ పొరలో ఉందో, ఎటు వాలి ఉందో రాసుకోండి. చుట్టూ రాలిన ముక్కల్ని ఏరకండి. పోచంపల్లిలో కనీసం ఆరు జంతువులవి సుమారు 300 ఎముకలు దొరికినా పుర్రె దొరకలేదు. అందుకే ఒక్క పన్ను, ఒక్క దవడ ముక్క కూడా అంత విలువైనవి. తర్వాత హైదరాబాద్‌లోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ కార్యాలయానికి తెలియజేయండి.

నిపుణుల బృందంతో తవ్వకంలో పాల్గొంటే పద్ధతి ఇది. పగుళ్లలోకి ముందు అసిటోన్‌లో కలిపిన 5 శాతం పారలాయిడ్ బి-72 అనే, ఎముకని గట్టిపరిచే జిగురుని చుక్కలుగా వదులుతారు. మొదటే చిక్కగా పోస్తే పైనే పొర కట్టి లోపలి ఎముకకి జిగురు అందకుండానే మిగిలిపోతుంది. ఎముక తడిగా ఉన్నా పనికిరాదు, జిగురు తెల్లగా పాలిపోయి పట్టు వదిలేస్తుంది. తర్వాత ఎముక చుట్టూ రాయిని తొలిచి దిమ్మెలా నిలబెట్టి, తడి కాగితం రెండు మూడు వరసలు పరిచి, పైన ప్లాస్టర్‌లో ముంచిన గోనె పట్టీలు చుడతారు. కాగితం మరిస్తే ప్లాస్టర్ ఎముకనే పట్టేసుకుంటుంది, ప్రయోగశాలలో విప్పేటప్పుడు పై పొర ఊడొస్తుంది. పట్టీలు దిమ్మె అంచు కిందికి కూడా మడవాలి. అది చేయకపోతే తిరగేసే క్షణంలో రాయీ ఎముకా కలిసి కిందికి జారిపోతాయి. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

అదే కోట శిలల్లో, యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే మరో పొడుగు మెడ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. మీకు కనిపించిన ముక్కని పోల్చుకోవాలంటే ముందు అక్కడి తొడ ఎముకని, వెన్నుపూసల్ని దగ్గరగా చూసి రండి.