బురద బాటల్లోకి బండ్లతో వస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామ దీవెనలు. నీ మెసేజ్ చదివాను. వచ్చే ఆదివారం ఆఫీసు దోస్తులు పదకొండు మందిని వెంటబెట్టుకుని మోటరుసైకిళ్ల మీద దేవరకొండ నుంచి చందంపేట, నేరేడుగొమ్ము వైపు పల్లె బాటలు పట్టుకుని సాగర్ వెనక జలాల దాకా పోవాలన్నది నీ ప్లాన్. మంచిదే, రండి. వానలు పడ్డాక ఈ చెల్కలు ఎలా ఉంటాయో మీ దోస్తులు చూడాల్సిందే.

నువ్వు అడిగినవన్నీ బండి గురించే. అవీ చెబుతాను. నాకు పట్టింపు ఉన్నది మాత్రం రెండు సంగతుల మీద. గుంపులో చివరివాడు ఎలా వస్తున్నాడు, మీరు వెళ్లిపోయాక ఆ బాట ఎలా ఉంటుంది. ఈ రెండూ వెనక్కి తిరిగి చూసేవాడికే కనిపిస్తాయి. అందరికంటే ముందు పోయేవాడివి నువ్వే కాబట్టి నీకే చెబుతున్నాను.

ముందు నేల సంగతి. మన దేవరకొండ వైపు ఎక్కువగా ఎర్ర చెల్క. వాన వెలిసిన కొన్ని గంటలకే నీళ్లు ఇంకిపోతాయి. పైన జారినా అడుగున మొరం గట్టిగా ఉంటుంది, టైరుకు పట్టు దొరుకుతుంది. నల్లరేగడి అలా కాదు. పిసికిన జొన్నపిండిలా చక్రాన్ని పట్టుకుంటుంది. వంద గజాలు పోయేసరికి ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు పూడిపోతుంది, చక్రం తిరగడం మానేస్తుంది, బండి పక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు ఎక్సలేటర్ ఇచ్చి లాగితే క్లచ్ ప్లేట్లు కాలిన వాసన తప్ప ఇంకేమీ రాదు. దిగి, తంగేడు కొమ్మో వేపపుల్లో విరిచి, ఆ సందులో మట్టిని కొంచెం కొంచెంగా తోడాలి. పైన మడ్‌గార్డు ఎత్తుగా ఉండే బండ్లకు ఈ బాధ తక్కువ, అందుకే నీ ఎక్స్‌పల్స్ నయం. మీ వాళ్లలో ఇద్దరు మామూలు స్ప్లెండర్ల మీద వస్తున్నారన్నావు. రానీ, ఆ బండి 112 కిలోలే, పడ్డా ఒక్కడే లేపుకోగలడు. కానీ వాళ్లున్న గుంపును రేగడిలోకి తీసుకుపోకు. రేగడి తడిగా ఉంటే చుట్టు తిరిగి పో, అంతే.

గాలి మాట. బురదలో దిగే ముందు మామూలుగా పెట్టే గాలిలో మూడో వంతు తగ్గించు. మీవి ట్యూబు టైర్లు కాబట్టి 18 పీఎస్ఐ కంటే కిందికి పోనివ్వొద్దు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి చిరుగుతుంది, లేదంటే టైరు రిమ్ము మీద జరిగి వాల్వు తెగుతుంది. తిరిగి తారురోడ్డు ఎక్కే ముందు గాలి కొట్టుకోవాలి, దానికి పంపు మీ దగ్గరే ఉండాలి. స్పేర్ ట్యూబు, టైర్ లీవర్లు, ఒక క్లచ్ లీవరు, చైన్ లింకు, బలమైన తాడు ఉంటే చాలు. మొత్తం మెకానిక్ షాపు మోసుకు రావొద్దు, బరువున్న బండి బురదలో ఇంకా దిగబడుతుంది.

ఇక గుంపు. పన్నెండు బండ్లు ఒకే వరసన ఈ బాటల్లో పోలేవు. రెండు గుంపులు చెయ్యి, ఆరు ఆరు. రెండో గుంపు గంట ఆలస్యంగా బయలుదేరాలి. ఒక్కో గుంపుకు ముందు ఒకడు, వెనక ఒకడు ఖాయంగా ఉండాలి, మధ్యలో వాళ్లు మారుతూ ఉండొచ్చు. వెనక ఉండేవాడు అందరికంటే బాగా నడిపేవాడై ఉండాలి. చాలామంది బాగా నడిపేవాణ్ని ముందు పెట్టి, కొత్తవాణ్ని చివర వదిలేస్తారు. వాడు పడితే లేపడానికి వెనక ఎవరూ ఉండరు.

బాట చీలిన ప్రతి చోటా ఈ పద్ధతి పాటించు. నీ వెనకాలే ఉన్న బండి ఆ మలుపు దగ్గర ఆగిపోవాలి. వెనక వచ్చే అందరికీ దారి చూపిస్తూ అక్కడే నిలబడాలి. చివరి బండి వచ్చాకే కదిలి, దాని ముందు చేరాలి. తర్వాతి చీలిక దగ్గర ఇప్పుడు నీ వెనక ఉన్నవాడు ఆగుతాడు. ఇలా చేస్తే ఎవడి వేగంతో వాడు రావచ్చు, ముందువాణ్ని అందుకోవాలన్న టెన్షన్ ఉండదు. బురదలో జరిగే పాట్లు సగం ఆ టెన్షన్ తెచ్చిపెట్టేవే. అలా మలుపు దగ్గర ఆగినవాడు ఆకలేసినా, వాన పడినా, ఫోన్ వచ్చినా అక్కణ్నుంచి కదలకూడదు. ఈ మాట శనివారం రాత్రే అందరిచేతా ఒప్పించు. చందంపేట లోపలి బాటల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్ చేసి దారి చెబుదామంటే కుదరదు.

నడపడం గురించి పెద్దగా చెప్పను, నీకు వచ్చు. కొత్తవాళ్లకు మాత్రం ఇంత చెప్పు. సెకండ్ గేరు, ఒకే లెక్కన ఎక్సలేటర్, ముందు బ్రేకు మీద వేలు వద్దు. చూపు టైరు ముందర కాదు, పది గజాల అవతల. ట్రాక్టరు చాలులో పడితే చాలులోనే పోవాలి, ఏటవాలుగా గట్టెక్కబోతే ముందు చక్రం జారి పడేస్తుంది. దమ్ము చేసిన ట్రాక్టరు ఇనుప చక్రాలతో పోయిన బాట కనిపిస్తే అసలు దిగొద్దు, ఆ గుంతలు ఎంత లోతో పైన నిలిచిన నీళ్లు చెప్పవు. చీలమండ కప్పే బూట్లు, మోకాలి గార్డులు లేనివాణ్ని తీసుకురావొద్దు. పడిన బండి కింద నలిగేది ఎక్కువగా కాలే, ఆ పైన సైలెన్సరు కాలుస్తుంది.

దారి అడగడంలో ఒక కిటుకు ఉంది. పొలంలో రైతును చూసి "అన్నా, బండి పోతదా?" అని అడిగితే ఆయన "పోతది" అంటాడు. ఆయన మనసులో ఉన్నది ట్రాక్టరు. అందుకని "ఈ పొద్దు ఎవరన్నా మోటరుసైకిల్ మీద పోయిండ్రా?" అని అడుగు. పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకుని ఎవరో ఒకరు పోయే ఉంటారు. ఆయన టైరు అచ్చు ఎటు పోయిందో చూసి అటే పో. రోజూ ఆ బాటన పోయే మనిషికి తెలిసినంత నీ జీపీఎస్‌కు తెలియదు.

వాగు దగ్గర ఎవరి మాటా వినకు, నడిచి చూడు. మోకాలి కిందికి నీళ్లుండి, నిదానంగా పారుతుంటేనే బండ్లు దించు. చెరువు మత్తడి దూకుతున్నప్పుడు రోడ్డు మీద నీళ్లు జానెడే అనిపిస్తాయి, కింద కల్వర్టు కొట్టుకుపోయినా ఎర్రనీళ్లలో కనబడదు. ప్రతి వానాకాలం ఇలా మనుషులు పోతూనే ఉన్నారు. వెనక్కి తిరిగి రావడంలో చిన్నతనం ఏమీ లేదని నీ దోస్తులకు ముందే చెప్పి పెట్టు. బండి నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టనివ్వొద్దు. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే, నీళ్లు గాలిలా నొక్కితే కుంచించుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. గట్టు మీదికి నెట్టి, ప్లగ్గు విప్పి, నాలుగు కిక్కులు కొట్టి నీళ్లు బయటికి పోనివ్వాలి. ఇంజిన్ ఆయిల్ తెల్లబడి ఉంటే ఇక స్టార్ట్ చేయకుండా ఆటో ట్రాలీలో ఎక్కించాలి.

ఇప్పుడు నేను గట్టిగా పట్టుబట్టే మాట. బాట వదిలి పక్క చెల్కలోకి బండి దించొద్దు. పత్తి మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడు రెండు టైర్లు పోతే ఆ సాలు పోయినట్టే. బత్తాయి తోటల్లో డ్రిప్ పైపులు గడ్డిలో కనిపించవు, ఒక్క టైరు ఎక్కితే పగులుతాయి. కొందరు అడవిపందుల కోసం చేనికి కరెంటు తీగలు కూడా పెడుతున్నారు. అది నేరమే, మనుషులు చచ్చిపోయారు కూడా. అందుకే పొద్దుగూకక ముందే తారురోడ్డు మీద ఉండాలి. ఎవడో ఒకడు దిగబడిన చోట చక్రం తిప్పి తిప్పి గొయ్యి చేస్తాడు. బండి బయటికి తీసిన తర్వాత అందరూ దిగి, రాళ్లు, మొరం వేసి ఆ గొయ్యి పూడ్చండి. పది నిమిషాల పని. తెల్లారి అదే బాటన గర్భిణిని కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పోయేవాడు ఉండొచ్చు.

శ్రావణం కాబట్టి తండాల్లో తీజ్ జరుగుతుంటుంది. గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ ఆడపిల్లలు పాడుతుంటే పక్కనుంచి సైలెన్సర్ల మోత చేయకండి. ఇంజిన్ ఆపి, బండి నెట్టుకుని దాటండి. వీడియోలు తీయడం అడిగిన తర్వాతే. గొర్ల మంద ఎదురైతే హారన్ కొట్టొద్దు, మంద చెదిరితే పోగుచేసుకోవడానికి కాపరికి పూట పడుతుంది. కల్లు సాయంత్రం బండ్లన్నీ మా వాకిట్లో ఆగిన తర్వాతే, అప్పుడు నేనే తెప్పిస్తాను.

అడవి బోర్డు కనిపిస్తే అక్కడే తిరుగు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మన నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. అనుమతి లేకుండా బండ్లతో లోపలికి పోవడం కుదరదు, అడవి పక్క బాటే అని ఎవరన్నా ఉబలాటపెట్టినా వినకు.

ఎవరన్నా గట్టిగా పడితే హెల్మెట్ లాగి తీయొద్దు, కూర్చోబెట్టొద్దు. ఒకడు సిగ్నల్ దొరికే మిట్ట మీదికి పోయి 108కి ఫోన్ చెయ్యాలి. అందుకే దాటుతున్న ప్రతి ఊరి పేరు, తండా పేరు కాగితం మీద రాసుకో. "ఎక్కడో బురదలో ఉన్నాం" అంటే అంబులెన్సు ఎక్కడికి రావాలి?

దూరం కూడా తగ్గించు. మట్టి బాటలో రోజుకు 60 కిలోమీటర్లు చాలు. హైదరాబాదు నుంచి ఇక్కడికే వంద దాటుతుంది, తెల్లవారుజామున బయలుదేరి వచ్చి అదే అలసటతో బురదలోకి దిగొద్దు. శనివారం రాత్రికే అందరూ వచ్చెయ్యండి. మీ అత్త జొన్నరొట్టెలు, నాటుకోడి చేస్తానంటోంది. ఎవరన్నా మాంసం తిననివాళ్లుంటే ముందే చెప్పు.

మీ వెనక గుంపులో చివరి బండి మీద నేను వస్తాను. శుక్రవారం పొద్దున నేరేడుగొమ్ము వైపు ఒకసారి పోయి బాట చూసి, సాయంత్రం ఫోన్ చేసి చెబుతాను. తడి ఎక్కువుంటే డిండి వైపు మారుద్దాం.

ఇట్లు,
నీ మేనమామ