టీమ్ లీడ్ అయిన మేనకోడలికి

అమ్మలూ,

కొత్త డిజైన్ల టీమ్‌కి నిన్ను లీడ్ చేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం పట్టలేకపోయాను. ఫోన్ పెట్టేశాక గుబులూ పట్టుకుంది. ఎదుటివాళ్లు సమస్య చెప్పడం పూర్తయ్యేలోపే నీ నోట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇన్నాళ్లూ అది నీ బలం. ఇప్పుడు అదే నీ టీమ్ నోళ్లు కట్టేస్తుందని నా భయం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఇంత ఖర్చు పెట్టాం కదా అని పనికిరానిదాన్ని ఈడ్చుకుంటూ పోకు. అలసిపోయి ఉన్నప్పుడు ఏదీ తేల్చెయ్యకు.

నేను పనిచేసిన చోట ఒక పెద్దాయన ఉండేవారు. సరుకు పెట్టెలు దారిలోనే విచ్చుకుపోతున్నాయని ఫిర్యాదులు వస్తే మీటింగ్ పెట్టారు. మొదలవగానే "లోపం గమ్ములో ఉంది" అన్నారాయన. ఇక అంతే. ఏ రకం గమ్ము, ఎంత మందం, ఎంతసేపు ఆరాలి అని గంటసేపు అదే చర్చ. ప్యాకింగ్ నుంచి వచ్చిన కుర్రాడు నా పక్కన కూర్చున్నాడు. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఏదో గీసుకొచ్చాడు. పెద్దాయన మాట వినగానే అరచేత్తో ఆ పేజీ మూసేశాడు. తర్వాత ఎన్ని గమ్ములు మార్చినా పెట్టెలు విచ్చుకుంటూనే ఉన్నాయి. చాలా నెలలకి ఓ రోజు టీ తాగుతూ అడిగితే ఆ పేజీ చూపించాడు. అంచులు మడిచి ఒకదాన్లో ఒకటి దూర్చే పెట్టె. గమ్ముతో పనే లేదు. "అప్పుడే చెప్పలేదేం?" అంటే, "సార్ అప్పటికే తేల్చేశారు కదండీ" అన్నాడు. ఆ పెద్దాయన ఎవర్నీ కసురుకునే మనిషి కాదు. ముందు మాట్లాడారు, అంతే.

ట్వెర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో రాసిన ప్రయోగం ఒకటుంది. 10 మీదో 65 మీదో ఆగేలా అమర్చిన చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంతని అడిగారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్లది 45. సంబంధం లేని అంకెకే అంత పట్టుంటే, జీతం పెంచే మనిషి మాటకి ఎంతుంటుందో చూసుకో.

అందుకని సమస్య ఒక్కటే చెప్పు. పది నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లని రాసుకోనివ్వు. కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి చదివించు, నీ కాగితం ఆఖరున తియ్యి. కలిసి కూర్చుని చెప్పుకునేవాళ్ల కంటే అంతే మంది విడివిడిగా రాస్తే ఎక్కువ ఆలోచనలు వస్తాయని డీల్, స్ట్రోబ అనే ఇంకో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో చూపించారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు ఆగాల్సి రావడమే ముఖ్య కారణమట. నీ ఆలోచన వినిపించాక "బాగుందా?" అని అడిగావనుకో, బాగుందనే అంటారు. "ఇది ఎక్కడ దెబ్బతింటుంది?" అని అడుగు.

చిన్నప్పుడు నేను పొడుపుకథ వేస్తే తమ్ముడు ఆలోచిస్తుండగానే నువ్వు విప్పేసేదానివి. నాకు ఎంత ముద్దొచ్చేదానివో! వాడు మాత్రం ఆడటమే మానేశాడు. నువ్వు కావాలని చేసింది కాదు తల్లీ, నాకు తెలుసు.

మొదటి మీటింగ్ ఎప్పుడో చెప్పు. అయ్యాక ఫోన్ చేసి, ఎవరెవరు ఏమేం రాశారో వరసగా చెప్పాలి నాకు.

నీ అత్తయ్య