నాన్నగారి పింఛను లెక్కలోకి వస్తుందా?

పాలకొల్లు తమ్ముడూ, ఊళ్ళో నాన్నగారి డాబా ఉంది కాబట్టి నీకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇంటి అప్పు మీద వడ్డీ రాయితీ రాదని ఎవరో అన్నారనే కదా టెన్షన్? వస్తుంది. ఆ పథకం పట్టణాల రెండో దశ, అంటే పట్టణ ఆవాస్ 2.0లో, కుటుంబమంటే నువ్వు, మీ ఆవిడ, పెళ్ళికాని పిల్లలు, అంతే. నాన్నగారి పింఛను, ఆయన పేరు మీదున్న డాబా ఇందులోకి రావు. కానీ మీ ఆవిడ జాకెట్లు కుట్టి నెలకు తెచ్చే నాలుగు వేలు మాత్రం కలపాలి, దాన్ని దాచకు. నీ నెల జీతం 22 వేలతో కలిపితే ఏడాదికి 3.12 లక్షలు, అంటే 3 లక్షలు దాటి అల్పాదాయ వర్గంలో పడతావు. పరవాలేదు, ఈ రాయితీకి 9 లక్షల దాకా అర్హతే. అప్పు 25 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు మించకూడదు. అప్పులో మొదటి 8 లక్షల మీదే 4 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదు విడతల్లో.