తప్పు పిట్టగోడది!

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. ఏ ఆకారం కాగితం విమానం ఎక్కువ దూరం పోతుంది, గాలి దాన్ని ఏం చేస్తుంది అన్నది వాడి సైన్స్ ప్రాజెక్టు. సన్న ముక్కుది ఒకటి, వెడల్పు రెక్కలది ఒకటి చేశాడు. డాబా మీద విసిరితే ఒకే విమానం ఒకసారి తొమ్మిది మీటర్లు పోయింది, ఇంకోసారి వెనక్కొచ్చి మా కాళ్ల దగ్గరే పడింది. ఏది రాయాలో తెలియక టెన్షన్ పడుతున్నాడు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తప్పు మీ వాడిది కాదమ్మా, పిట్టగోడది. జూలైలో హైదరాబాద్‌లో పడమటి గాలి ఎలా కొడుతుందో డాబా మీద బట్టలు ఆరేసేవాళ్లకి నేను చెప్పాలా! ఆ గాలి గోడకి తగిలి పైకి లేచి, గోడ దాటాక సుడి తిరుగుతుంది. ఒక అగరుబత్తి వెలిగించి పడమటి గోడ లోపలి పక్కన మోకాలి ఎత్తులో పట్టుకోండి. పొగ గోడవైపే వెనక్కి పోతుంది. 80 జీఎస్ఎం ఏ4 కాగితం బరువు అయిదు గ్రాములు. ఆ సుడిలో అదెంత?

అందుకే ముందు ఆకారం సంగతి ఇంట్లో తేల్చుకోమనండి. కారిడార్లో, ఫ్యాన్ ఆపి, ఒకే కట్టలోని కాగితాలతో, ఒక్కోటి పదిసార్లు. విసిరేది ఒక్కరే. మొదట నేలకి తగిలిన చోటికే కొలవాలి. సన్న ముక్కుది టైల్స్ మీద జారి ఇంకో మీటరు పోతుంది, అది లెక్కలోకి రాదు. 2022 డిసెంబరులో అమెరికాలో ముగ్గురు ఇంజనీర్లు 88.318 మీటర్లు ఎగరేసి గిన్నిస్ రికార్డు కొట్టింది కూడా నాలుగు గోడల మధ్యే.

మా చిన్నప్పుడు వీటిని రాకెట్లనేవాళ్లం. ముక్కు మీద ‘హా’ అని ఊది మరీ విసిరేవాళ్లం. దానివల్ల ముక్కు మెత్తబడటం తప్ప లాభం లేదు. నేనిప్పటికీ ఊదుతాననుకోండి.

ఇక గాలి. సెకనుకి ఆరు మీటర్లు పోయే విమానానికి మూడు మీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీద సాగేది మూడే. అదే గాలి వెనక నుంచి వస్తే తొమ్మిది. వెడల్పు రెక్కలది ఎక్కువసేపు గాల్లో ఉంటుంది కాబట్టి దాని మీదే గాలి ప్రతాపం ఎక్కువ. ఎదురుగాలి ఒక్కసారిగా విసిరితే ముక్కెత్తి, క్షణం ఆగి, దబ్బున పడుతుంది. ముక్కుకి ఒక జెమ్ క్లిప్పు పెట్టి మళ్లీ విసిరి చూడమనండి. ఆ ఒక్కటే మార్చాలి, రెక్కల జోలికి పోకూడదు.

వెనక్కొచ్చిన దాన్ని మాత్రం కొట్టేయొద్దు. పక్కన ‘డాబా, సాయంత్రం, పడమటి గాలి’ అని రాసి, అగరుబత్తి పొగ ఎటు పోయిందో బొమ్మ గీయమనండి.