కొత్త ఫోర్ బై ఫోర్ బండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఈ మధ్యే లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం) ఉన్న ఫోర్ బై ఫోర్ ఎస్‌యూవీ కొన్నాం. ఎత్తుగా కూర్చోవడం, బెంగళూరు గుంతలను లెక్కచేయకుండా బండి సాగిపోవడం ఇంటిల్లిపాదికీ నచ్చాయి. అయితే వానలో పట్టు బాగుంటుందని ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే మోడ్‌లో) ఇంటికి వచ్చి, బేస్‌మెంట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైర్లు కీచుమంటున్నాయి, బండి కుదుపులతో ఆగుతోంది. ఆ తర్వాత లీవర్ టూ హైలోకి (వెనక చక్రాలకే శక్తి అందే మామూలు మోడ్‌లోకి) రావడం లేదు. తిరుపతి ప్రయాణంలో వెనక కూర్చున్న మా అత్తగారికి ఒళ్లు హూనమైంది. ఇవి బండిలోని లోపాలా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: బేస్‌మెంట్‌లో మీరు గమనించినది లోపం కాదు గానీ, అలాగే నడిపితే లోపాన్ని తెచ్చిపెడుతుంది. జిమ్నీ, ఫోర్ బై ఫోర్ థార్, గూర్ఖా వంటి బళ్లలో ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలనూ కలిపి నడిపే ఏర్పాటు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకంటే పెద్ద వలయంలో, అంటే ఎక్కువ దూరం తిరగాలి. ఫోర్ హై వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె) ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌లను, అంటే చక్రాల వైపు శక్తిని మోసే కడ్డీలను, ఒకే వేగానికి కట్టేస్తుంది. ఆ దూరాల తేడాను సర్దడానికి మధ్యలో డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. మట్టిలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి తేడాను సరిచేసుకుంటుంది. గట్టి కాంక్రీటు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా షాఫ్ట్‌లలో, గేర్లలో మెలిపడి నిలిచిపోతుంది. నున్నటి గచ్చు మీద టూ హైలోనూ టైర్లు కొంత కీచుమంటాయి కనుక ఆ శబ్దం ఒక్కటే గుర్తు కాదు. కుదుపు, బిగుసుకున్న లీవర్ అసలు గుర్తులు. అలాంటప్పుడు లీవర్‌ను బలవంతంగా లాగకుండా, స్టీరింగ్‌ను నేరుగా ఉంచి బండిని కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే బిగువు వదిలి లీవర్ సులువుగా కదులుతుంది.

తడిసిన తారు రోడ్డు మీద కూడా టూ హైలోనే నడపండి. ఫోర్ హై బండిని ముందుకు లాగడంలో సాయపడుతుందే తప్ప బ్రేకు వేశాక ఆగే దూరాన్ని తగ్గించదు. ఈ సంగతి తెలియక వానలో వేగం పెంచేవారిని చూస్తే నిజంగా భయం వేస్తుంది. నంది కొండల చుట్టుపక్కల మట్టి బాటలు, ఊళ్లోని పొలం బాటలు ఫోర్ హైకి తగిన చోట్లు. బురదలో కూరుకుపోయినా, రాళ్ల మీదుగా నిటారుగా దిగాల్సి వచ్చినా ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే మోడ్) వాడుకోండి. బండిని పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చడం మంచిది.

ఇక కుదుపుల సంగతి. రిజిడ్ యాక్సిల్‌లో, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసులో, ఒక చక్రం గుంతలో పడితే ఆ కదలిక రెండో చక్రానికీ అందుతుంది. వెనక సీటు యాక్సిల్‌కు దగ్గరగా ఉండడం వల్ల అక్కడ కూర్చున్నవారికి మరింత తెలుస్తుంది. ముళబాగిలు దాటి మొగిలి ఘాట్ దిగే తిరుపతి దారిలో అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. అంతకంటే ముందు టైర్లలో గాలి చూడండి. పెట్రోలు బంకులో అన్ని బళ్లకూ ఒకే లెక్కన గాలి కొట్టేస్తుంటారు. మీ బండికి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎక్కువైన గాలి తగ్గిస్తే కుదుపు కొంతైనా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ప్రశ్న: బండి ముందు ఇనుప బుల్ బార్ (బంపర్‌కు అడ్డంగా బిగించే ఇనుప కడ్డీల చట్రం) పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: వద్దు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు ఇది విరుద్ధమని, పెట్టించినవారిపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగవలసిన ముందు భాగం పని ఇనుప కడ్డీ వల్ల చెడుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకు ఆ దెబ్బ సరిగా అందకపోవచ్చు. ఎదురుగా పాదచారి ఉంటే గాయం మరింత తీవ్రమవుతుంది. డీలర్ ఇప్పటికే బిగించి ఉంటే తీయించేయండి.